తాడు చివర అక్వామెరిన్

తాడు ఒక్కసారిగా జారింది!

ఎల్‌ఫ్రీడా వీపు బండకి కొట్టుకుంది. కాళ్ల కింద ఏమీ లేదు... ఎక్కడో అడుగున రాళ్లు, ముళ్లపొదలు మాత్రం కనిపిస్తున్నాయి.

"బావా! తాడు పట్టుకో!"

"పట్టుకునే ఉన్నా." పైనుంచి గోట్‌లీబ్ గొంతు. తాపీగా ఉంది. "చేతులు పీకేస్తున్నాయి మరదలా. సన్నతాడు దింపుతా, ముందు రాయి కట్టి పంపించు. బరువు తగ్గుద్ది."

ఆమె ఇప్పుడే బండలోంచి తవ్వి నడుము సంచీలో వేసుకున్న అరచెయ్యంత రాయి బరువట!

రత్నాలు తవ్వే ఈ ఎరాంగో కొండల్లో ఒక కట్టుబాటుంది. తాడు పట్టేవాడు సొంతమనిషై ఉండాలి. తవ్వినవాళ్లు పైకొచ్చాకే రాయి సంచీలోంచి బయటికి రావాలి. గోట్‌లీబ్ సొంతమనిషే. ఆమె మొగుడికి స్వయానా అన్న.

మొగుడు హిస్కియా నిరుడు ఈ బండ మీదే పోయాడు. తాడు తెగిందని గోట్‌లీబే వచ్చి చెప్పాడు. గుండెలు బాదుకుని ఏడ్చాడు కూడా!

"పంపను బావా. రాయి నా నడుముకే ఉంటుంది. నన్ను లాగు!"

"ఎంత మొండిదానివే! వాడూ ఇదే మాటన్నాడు."

...వాడా?

"ఎవరు బావా?"

పైన నవ్వు.

"నీ మొగుడే. నాతోనే బేరమాడాడు. తాడు కోసేశా. రాయి కాస్తా పిండైపోయింది, వెధవది! ఆ తప్పు మళ్లీ చెయ్యన్లే. అందుకే నిన్నింతసేపు భరిస్తున్నా."

ఆమెకి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. కడుపు మండిపోయేంత కోపం.

తాడు కదిలింది. పైకి లాగుతున్నాడు... రాయి కోసం!

అంచుకి నిలువెత్తు కింద సన్నటి గట్టు. పాదాలు ఆనాయి. పొద్దున తనే దిగగొట్టిన ఇనుప మేకు అక్కడుంది. పైనుంచి వాడికి కనబడదు. తాడుని మేకుకి రెండు చుట్లు తిప్పి బిగించింది.

"అక్కడే ఆగు. రాయివ్వు. తర్వాత చెయ్యిస్తా. ఇంటికెళ్లి మేకమాంసం, సంకటి తిందువుగాని."

అబద్ధం. ఇద్దరికీ తెలుసు.

ఆమె సంచీ విప్పింది. మట్టి తుడిచి అందించింది.

అక్వామెరిన్! సముద్రపు నీలం రంగు రత్నం. ఆరు పలకలు. కొసదాకా ఒక్క పగులు లేదు. సాన పట్టలేదు, రంగు కోసం నిప్పులో కాల్చలేదు... భూమి ఎలా కన్నదో అలాగే ఉంది.

గోట్‌లీబ్ చెంపకి ఆనించుకున్నాడు. ఇంత ఎండలోనూ చల్లగా తగిలింది. గాజుకి ఆ చలవ ఉండదు.

ఇక వెలుగుకి పెట్టి చూడాలి. చూసి తీరతాడు! ఈ కొండల్లో తవ్వే ప్రతివాడికీ ఉన్న రోగమిది. కొసనుంచి నిలువునా చూస్తే తేట నీళ్లు. పక్కకి తిప్పితే... సముద్రం!

వాడు లేచి నిలబడ్డాడు. తాడు వదిలేశాడు. దాని అవతలి కొస వాడి నడుముకే కట్టుంది. రెండు చేతులతో రాయిని ఎండలోకి ఎత్తాడు.

"అబ్బ..!"

ఎల్‌ఫ్రీడా మేకు పైనున్న తాడుని ఒక్క గుంజు గుంజింది!

గోట్‌లీబ్ ఆమె తలమీదుగా కిందికి పడ్డాడు. తాడు బిగిసింది. మేకు కిర్రుమంది... ఆగింది.

వాడు గాల్లో వేలాడుతున్నాడు. రాయి ఇంకా పిడికిట్లోనే ఉంది.

"లాగవే! లాగు! నా పిల్లల మీదొట్టు, సగం నీదే!"

ఆమె కత్తి తీసింది.

"ఏయ్, పిచ్చిదానా! రాయి నా దగ్గరుంది! నన్నొదిలితే ఇదీ పోద్ది! ఇలాంటిది జన్మలో దొరకదు!"

వాడికి నిజంగానే ధీమా. అంత అందమైన రాయిని చేజేతులా పోగొట్టుకునేవాళ్లు ఈ కొండల్లో ఇంకా పుట్టలేదని.

"దొరకదు బావా," అందామె. "హిస్కియా కూడా దొరకడు."

"ఎల్‌ఫ్రీడా! అమ్మా! తల్లీ!"

ఆమె తొందరపడలేదు. ఒక్కో పేట తెగడం వాడికి వినబడాలని మేకుకి కింద, వాడి వైపు తాడుని నెమ్మదిగా కోసింది.

కిందనుంచి రెండు చప్పుళ్లు వచ్చాయి. మొదటిది మెత్తగా.

రాయి ముక్కలైన రెండోదానికి ఎల్‌ఫ్రీడా కళ్లు మూసుకుంది.