సర్పంచ్ సాబ్ ఔటైన రోజు

బలరాం మండల క్రికెట్ సంఘం కార్యదర్శి. గ్రౌండు తన పంచాయతీలో ఉంది, సర్పంచ్ తనే, కాబట్టి ఆ పదవీ తన మెడలోనే పడింది. ఏటా టోర్నమెంటు ప్రారంభంలో మొదటి బంతి ఆడేది ఊరి నాయకుడే. బౌలరు మెల్లగా దొర్లిస్తాడు, నాయకుడు తాకిస్తాడు, జనం చప్పట్లు కొడతారు. ఐదేళ్లలో బలరాం ఆడిన క్రికెట్ మొత్తం ఐదు బంతులు.

ఈ సంగతి టేకులపల్లి చుట్టూ ఉన్న తండాలన్నింటికీ తెలుసు. గురుకులానికి కొత్తగా వచ్చిన పీఈటీ టీచర్ జ్యోత్స్నకు మాత్రం తెలియదని అతని ధైర్యం. ఆమెతో కాలేజీలో ఓపెనర్‌నని చెప్పుకున్నాడు. మొదలుపెట్టాక సెంచరీ దగ్గర ఆగడం అతని వల్ల కాలేదు.

నెల కింద పెళ్లి మాట కూడా అడిగేశాడు, ఎన్నికల సభలో హామీ ఇచ్చినట్టు.

"మీ మాటల్ల నిజమెంతనో తెల్వాలె గద సర్పంచ్ సాబ్. టోర్నమెంట్ నాడు చెప్త" అంది జ్యోత్స్న.

ఆమెను మెప్పించాలని ఈసారి మొదటి బంతి వేసే గౌరవం ఆమెకే ఇచ్చాడు. మెల్లగా వెయ్యమని చెబితే తన సెంచరీలు ఏం కావాలి? అందుకే నోరు మూసుకున్నాడు.

జ్యోత్స్న పరుగెత్తుకొచ్చి వేసింది. బలరాం అప్పటికింకా ఫొటోగ్రాఫర్ వైపే చూస్తున్నాడు. మధ్య వికెట్ ఎగిరి కీపర్ కాళ్ల దగ్గర పడింది.

అంపైర్ దూలయ్య వార్డు మెంబరు కూడా. నాయకుడి పరువు తన చేతిలో ఉందనుకుని ఆ చెయ్యి చాచి నోబాల్ ఇచ్చాడు.

జ్యోత్స్న గీతను చూసింది. ఆమె అడుగు గీతకు జానెడు వెనకే ఉంది. బంతి తీసుకుని వెనుదిరిగింది. ఈ దొంగ నోబాల్‌తో ఆమె ఇక తనకు దక్కదని బలరాంకు భయం పట్టుకుంది. వెళ్లి మైకు అందుకున్నాడు.

"నోబాల్ కాదు, నేను ఔటైన. ఓపెనర్‌నని మేడంకు అబద్ధం చెప్పిన. నాకు బ్యాట్ పట్టుడే రాదు. మేడం నాతోటి మాట్లాడాలని గట్ల చెప్పిన."

జనం పడీపడీ నవ్వారు. ముందు వరుసలో తల్లి కమ్లి తల పట్టుకుంది. జ్యోత్స్న దగ్గరికొచ్చింది.

"ఆ సంగతి నేనొచ్చిన వారంలనే తెల్సింది. మీరెప్పుడు చెప్తరా అని చూస్తున్న. ఆదివారం అమ్మను తీసుకొని మా ఇంటికి రాండి. ఓపెనర్‌నని మాత్రం అక్కడ చెప్పకుండ్రి, మా బాపు గూడ బౌలరే."

ఎన్నికల్లో గెలిచిన రోజు కూడా బలరాంకు ఇంత సంతోషం కలగలేదు.

"అవ్ మేడం" అన్నాడు. అంతకు మించి ఒక్క హామీ కూడా ఇవ్వలేదు.