కాగితానికి రెండోవైపు

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. నిద్రలో మా పాప ఊపిరి ఆగిపోతుందేమోనని. అందుకే పాప పడుకోగానే పక్కన కూర్చుని, గడియారం చూస్తూ, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెడతాను.

"ముప్ఫై ఆరు వచ్చిందండీ!" అని ఇవాళ పొద్దున కూడా మా ఆయన్ని లేపేశాను.

"ఏడు నెలల పిల్లకి అది మామూలే టీచరమ్మా," అన్నారు కళ్ళు తెరవకుండానే.

తొమ్మిదో తరగతిలో బడి మానేసినదాన్ని. నాకు ఆ బిరుదు ఎలా వచ్చిందో చెప్పాలి.

నాలుగేళ్ళ కిందట నాన్నకి న్యుమోనియా వస్తే ఆసుపత్రిలో చేర్చాం. మా ఆయన ఆ వార్డులో నర్సు. మొదటిరోజే రెండుసార్లు సూది గుచ్చినా నరం దొరకలేదు.

"అది మా నాన్న చెయ్యండీ, కుట్టుపని నేర్చుకునే గుడ్డ కాదు," అన్నాను.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "సారీ అండీ. మీరలా గుడ్లురుముతుంటే నా చెయ్యి వణుకుతోంది. కాస్త కిటికీ వైపు చూస్తారా?"

చూశాను. బయట వాన. ఈసారి నరం దొరికింది.

"చూశావా, తప్పంతా నీ కళ్ళదే," అంటూ నాన్న ఆయన పార్టీలో చేరిపోయాడు.

మగ నర్సు కదా, వార్డులో అందరూ ఆయన్ని 'బ్రదర్' అనేవారు. నేను మాత్రం ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. ఎందుకని అడగకండి.

నా కంగారు చూడలేక మర్నాడు ఆయనే నేర్పారు. "ఊరికే భయపడే బదులు లెక్కపెట్టండి. నిమిషానికి ఎన్నిసార్లు ఛాతీ లేస్తోందో గంటకోసారి రాయండి." జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి, పైకి ఖాళీగా కనబడుతున్న వైపు రాయమని ఇచ్చారు. రెండోవైపు ఇంగ్లీషులో నాలుగు లైన్లున్నాయి. మనకెందుకులే అనుకున్నాను.

ఇరవై నాలుగు. ఇరవై మూడు. ఇరవై నాలుగు.

"టీచర్ గారూ, హోంవర్క్ చూపించండి," అంటూ వచ్చేవారు. అన్ని మంచాల కంటే మా మంచం దగ్గరే రెండు నిమిషాలు ఎక్కువ పట్టేది.

మూడోరోజు మధ్యాహ్నం ముప్ఫై నాలుగు వచ్చింది. చూడటానికి నాన్న హాయిగా నిద్రపోతున్నట్టే ఉన్నాడు. మళ్ళీ లెక్కపెట్టాను. ముప్ఫై ఆరు. పరుగెత్తాను.

"తప్పు లెక్కపెట్టానేమో, నేను పెద్దగా చదువుకోలేదు..."

"మీ లెక్క తప్పదు," అంటూ వచ్చి, తనూ లెక్కపెట్టి, ఆక్సిజన్ పెట్టి డాక్టరుకి ఫోన్ చేశారు. సాయంత్రం రౌండ్స్‌లో చూస్తానన్నారట అవతల.

"కాదు సార్. నిన్నటినుంచీ లెక్క నా చేతిలో ఉంది. మీరు ఇప్పుడే రావాలి."

మాటంటే చాలు చెవులు ఎర్రబడే మనిషి. గొంతు కొంచెం కూడా వణకలేదు. డాక్టరు వచ్చారు. సాయంత్రానికి నాన్నకి గండం గడిచింది.

ఆ కాగితం కేసు షీటులో పెట్టబోతూ, వార్డు చూసుకునే పెద్ద సిస్టర్ రెండోవైపు చదివారు. అది ఆయన రాజీనామా.

"మగపిల్లాడివి, నీకీ నర్సు పనేంటని ఇంట్లో రోజూ అంటున్నారు సిస్టర్," ఆయన తల దించుకున్నారు. "వారంనుంచీ జేబులో పెట్టుకు తిరుగుతున్నా. చూసుకోకుండా వీళ్ళకిచ్చేశాను."

"నాతో ఒక్క ముక్కయినా అనలేదేం?"

"ఎవరూ అడగలేదు."

సిస్టర్ కాగితాన్ని ఇటూ అటూ తిప్పారు. "మరి ఇప్పుడు ఏ వైపు ఖాయం చెయ్యమంటావు?"

నాకెక్కడినుంచి వచ్చిందో ధైర్యం! "లెక్కపెట్టింది నేనే. కానీ నమ్మింది మీరు. మీరు వెళ్ళిపోతే, రేపు నాలాంటిదాని మాట ఎవరు నమ్ముతారండీ?"

ఆయన నన్నే చూస్తూ, "అంకెల వైపు, సిస్టర్," అన్నారు.

నాన్న మాస్కు పక్కకి జరిపాడు. "ఇది నిన్ను బ్రదర్ అని పిలవనప్పుడే అనుకున్నానయ్యా!"

వార్డంతా నవ్వింది. ఈసారి ఎర్రబడ్డవి నా చెవులు.

ఇప్పుడు కొత్తగా చేరిన నర్సులకి పాఠం చెప్పేది ఆయనే. "మంచం పక్కన కూర్చున్నవాళ్ళ మాట నమ్మండి, ఇది మా ఆవిడ నేర్పింది," అంటారట. మీ ఆయన ఏం చేస్తారని ఎవరడిగినా, వీధి చివరిదాకా వినబడేలా చెబుతాను, "నర్సు!" అని.

మీకు తెలిసిన నర్సు ఒకరైనా ఉండే ఉంటారు. జేబులో ఏ కాగితం పెట్టుకు తిరుగుతున్నారో పైకి కనబడదు. ఇవాళ ఒక్కసారి ఫోన్ చేసి, ఎలా ఉన్నారో అడగండి.