భావనపాడు నల్లపొడి

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి, చెయ్యి ఇంకా నెమ్మదే. కథ మాత్రం పరుగెడుతుంది.

2014. విజయనగరం. ఇంటెలిజెన్స్ చీఫ్ నరసింగరావు తలుపు గడియ వేసి చెప్పాడు.

"శివాజీ, సైంటిస్టు సింధూరి కార్బన్ నానోట్యూబుల మీద ప్లాటినం రేణువులు అతికించింది. కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్‌కి అదే ప్రాణం. తయారైన నల్లపొడంతా ఒక్క సీసా. దాన్ని విదేశీ ముఠా కొంటోంది. నేను మీ మనిషినే అని ఆమె మనకీ చెప్పింది, వాళ్లకీ చెప్పింది."

"నిజానికి ఎవరి మనిషి సార్?"

"అది తెలిస్తే నిన్నెందుకు పంపుతాను? సీసా చెయ్యి మారితే ఆమెను కాల్చెయ్."

ఏజెంట్ శివాజీకి ఆ మాట చేపముల్లులా దిగింది. ఆర్నెల్లుగా ఆమెతో కోడ్‌లో మాట్లాడుతున్నది తనే. ఒక్క అబద్ధం దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే భావనపాడు. ఎండుచేపల షెడ్డులో శివాజీ లుంగీ కట్టుకుని నెత్తళ్ల గంప ముందు కూర్చున్నాడు. బొత్తాంలో కెమెరా, చేపల కింద పిస్టల్. ఒడ్డున ముఠా మోటారు పడవ ఇంజన్ ఆపకుండా కాచుకుని ఉంది.

సింధూరి వచ్చింది. జరీ చీర, నల్ల కళ్లద్దాలు. ఆమెకు ఆనుకుని, కండువా కప్పుకున్న ముఠా ఏజెంటు జగన్నాధం. నరసన్నపేటలో బంగారం కొట్టు.

శివాజీ కోడ్ వేశాడు. "నెత్తళ్లు కావాలేటమ్మా?"

"ఎండినవేనా?" అనాలి ఆమె. అనలేదు. ఇటు చూడనైనా లేదు.

శివాజీ చెయ్యి గంపలోకి దూరింది.

ఆమె సీసా చాచింది. జగన్నాధం తీసుకోలేదు.

"ఉండమ్మా. గీటురాయి మీద గియ్యందే మా అమ్మ గాజులైనా పుచ్చుకోను. ఇది ప్లాటినమో, పొయ్యి మసో ఎలాగ తెలుస్తాది?"

"స్పిరిట్ పోస్తే తెలుస్తాది బాబూ. అసలుదైతే మెరుస్తాది. చిటికెడు సూపించనా?"

"చిటికెడు అసలుదెట్టి, మిగతాది మసెట్టిన వాళ్లని ఎంతమందిని సూడలేదు! మొత్తం పొయ్యి." జేబులోంచి తక్కెడ పళ్లెం తీశాడు.

నల్లపొడంతా పళ్లెంలో పడింది. శివాజీ వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లింది. సింధూరి సంచిలోంచి తీసిన స్పిరిట్ సీసా ఆమె చేతిలో వణుకుతోంది. అమ్ముకునేదానికి ఆ వణుకెందుకు? అతని వేలు ఆగిపోయింది.

స్పిరిట్ పడింది. పొడి నిప్పుకణికలా ఎర్రబడి, భగ్గుమంది.

"ఒసే, ఏటే ఇది! కాలిపోతన్నాది!"

"మెరిసింది కదా బాబూ. అసలుదే."

జగన్నాధం వెనక్కి గెంతాడు. కండువాలోంచి తుపాకీ జారింది. శివాజీ గంప తన్ని అతని మీద దూకాడు. పొగ చూసి పడవ వట్టిగానే పారిపోయింది.

"కోడ్ ఎందుకు సెప్పలేదు?" అన్నాడు శివాజీ రొప్పుతూ.

"తుపాకీ నా నడుముకే ఉన్నాది. ఏటి సెప్పమంటావు?" కళ్లద్దాలు తీసి బూడిదను చూస్తూ నిలబడింది. "ప్లాటినం పొడికి స్పిరిట్ తగిలితే దానంతటదే అంటుకుంటాది. రెండేళ్ల పని."

శివాజీ వంగి జగన్నాధం చేతులకు బేడీలు వేశాడు.

జీపెక్కుతూ జగన్నాధం బేడీలను గోటితో గీకి చూసుకున్నాడు.

— మైలపల్లి కూర్మమ్మ, అరవై తొమ్మిదేళ్లు. ఇప్పుడుంటున్నది కోటబొమ్మాళి.