సిద్దికా పెట్టని సంతకం

తెల్లవారేసరికి సిలార్ ఇంటి ముందు రేకుల షెడ్డులో దూది ఏకే మిషను మొదలవుతుంది. మొదలైందంటే ఆ వీధిలో ఎవరూ మామూలు గొంతుతో మాట్లాడుకోరు. పాలవాడు కూడా అక్కడికి రాగానే అరుస్తాడు. చీరాలలో మంచి పరుపు కావాలంటే సిలార్ దగ్గరికే పోవాలని పేరు. ఆ పేరు ఆయన తాత సంపాదించాడు, ఆయన నిలబెట్టాడు, ఇప్పుడు దాన్ని నాలుగూళ్ళకు మోస్తున్నది మాత్రం కూతురు సిద్దికా. ఈ మూడో ముక్క సిలార్ ఎవరి ముందూ అనడు. ఎందుకనవయ్యా అంటే పిల్లకు దిష్టి తగులుతుందంటాడు.

సిద్దికా పరుపులకూ దిండ్లకూ తొడిగే గలేబులు కుట్టడంతో మొదలుపెట్టి గిరాకీలతో బేరం మాట్లాడేదాకా వచ్చింది. వాడరేవు లాడ్జీలకూ, ఒంగోలు హాస్టళ్ళకూ సిలార్ పరుపులు వెళుతున్నాయంటే ఆమె చలవే. ఇబ్బందల్లా ఫోనుతోనే. ఇంట్లో ఫోను లేదు. గిరాకీలు వీధి చివరి ఎస్టీడీ బూత్‌కు చేస్తే, బూత్ అతను తనకు తీరికైనప్పుడు కబురు చెప్పేవాడు. ఆ వేసవికి ముందు వాడరేవులో కొత్త లాడ్జివాళ్ళు గదులన్నిటికీ పరుపులు కావాలని ఫోను చేశారట. కబురు అందేసరికి వాళ్ళు గుంటూరు నుంచి తెప్పించుకుని వేసుకున్నారు కూడా. ఆ రోజు సిద్దికా అన్నం ముట్టలేదు. మర్నాడు కడుపు నిండా తిని, సొంతంగా సెల్ ఫోను కొనాలని తీర్మానించుకుంది.

ఇది రెండువేల అయిదు నాటి మాట. సెల్ ఫోన్లు ఊళ్ళోకి వచ్చేశాయి గానీ ఏ కంపెనీ సిగ్నలు ఏ వీధిలో అందుతుందో ఆ పైవాడికే తెలియాలి. జనం గోడల మీద బొమ్మలు చూసి కొనేసేవాళ్ళు. పుచ్చకాయ కొనేవాడు కూడా తట్టి చూస్తాడు గదా, దీన్నెందుకు చూడకూడదన్నది సిద్దికా వాదన. తెలిసినవాళ్ళ దగ్గర ఒక్కో కంపెనీ ఫోనూ అడిగి తెచ్చుకుంది. రేకుల షెడ్డు కింద నిలబడి చూసింది, రేవుకు పోయే బస్సులో చూసింది, చేపలెండబెట్టే ఇసుక మీద నిలబడి బూత్‌కు చేసి వినపడుతోందా అని అడిగింది. అక్కడ చేపలు తిరగేస్తున్న ఆడవాళ్ళు పాపం ఈ పిల్లకేమైందో అనుకున్నారు.

చివరికి ఒక కంపెనీ తేలింది. షెడ్డులో సిగ్నలు గీతలు తగ్గినా మాట తెగదు, రేవులో నిక్షేపంలా పలుకుతుంది. ఫోను కూడా ఎంచుకుంది. కెమెరా లేదు, రంగుల తెర లేదు. మిషను మోతలోనూ వినపడేంత గట్టిగా మోగుతుంది, ఏ కంపెనీ సిమ్మైనా పడుతుంది. ముందుగా కార్డు కొని వేసుకునే ప్రీపెయిడ్డు. ఏళ్ళ తరబడి ఒప్పందాలు లేవు, నెల తిరిగేసరికి బిల్లు లేదు, నచ్చకపోతే సిమ్ము తీసి ఇంకోటి వేసుకోవడమే. అంతా ఖాయం చేసుకుని బజారుకు బయలుదేరబోతున్న ఉదయం, చేతిలో సంచీతో కరీమున్ దిగింది.

కరీమున్ ముస్తాక్‌కు అక్క. ముస్తాక్ సిద్దికాకు నిశ్చయమైన పెళ్ళికొడుకు, ఒంగోలులో రాళ్ళు పాలిష్ చేసే యూనిట్లో సూపర్‌వైజరు. నిఖా వచ్చే నెలలోనే. కుర్రాడు మంచివాడని అందరూ అన్నారు. చూసింది ఒక్కసారే అయినా సిద్దికాకూ నచ్చాడు. పెళ్ళయ్యాక కూడా పరుపుల పని మానననీ, ఒంగోలులో తనే గిరాకీలు చూసుకుంటాననీ చెబితే అతను అడ్డు చెప్పలేదు. అప్పుడు నచ్చాడన్నమాట.

కరీమున్ మంచినీళ్ళయినా తాగకుండా సంచీలోంచి పెట్టె తీసి మంచం మీద పెట్టింది. లోపల తళతళలాడే సెల్ ఫోను. దాని జంట ముస్తాక్ దగ్గర ఉందట. కొత్త పథకమట. రెండు ఫోన్లు ఒకేసారి తీసుకుంటే వాటి మధ్య ఎంత మాట్లాడుకున్నా ఉచితమట. మూడేళ్ళు ఆ కంపెనీలోనే ఉండాలి, మధ్యలో మానడానికి లేదు, ఆ ఫోనులో ఇంకో సిమ్ము పట్టదు, అంతే. బిల్లు ఒంగోలు ఇంటికే వస్తుంది, ముస్తాకే కట్టుకుంటాడు. సిద్దికా తల్లి జాన్‌బీ కొంగుతో చేతులు తుడుచుకుని ఫోనును పసిబిడ్డలా ఎత్తుకుంది.

"ఎవరికి ఎంతసేపు మాట్లాడిందీ బిల్లులో పూసగుచ్చినట్టు వస్తదత్తా. పైసా మోసం ఉండదు," అని కరీమున్ గొప్పగా చెప్పింది.

సిద్దికా ఆ పెట్టెలోని కాగితం తీసి చదివింది. ఫోను తన పేరు మీదే ఉంది. తన రేషన్ కార్డు నకలుంది, పెళ్ళి సంబంధానికని తీయించుకున్న ఫోటో ఉంది, కింద తన పేరుకెదురుగా సంతకం కూడా ఉంది. ఆ సంతకం మాత్రం తనది కాదు. ఆ వంకర అక్షరాలు ఎవరివో ఆమెకు తెలుసు. పోయిన వారం కంపెనీ మనిషి ఒకడు ముస్తాక్ పేరు చెప్పి షెడ్డులోకి వస్తే, సిలార్ మిషనైనా ఆపకుండా చూపించిన చోటల్లా సంతకం పెట్టి పంపించాడు. అల్లుడు పంపిన కాగితం ఆయనకు అల్లుడితో సమానం.

"వదినా, నేనిది తీసుకోను," అంది సిద్దికా.

ఆ మాటతో ఇల్లు అట్టుడికింది. జాన్‌బీ ముందు నవ్వేసింది, తర్వాత కూతురి మొహం చూసి భయపడింది. పెళ్ళివారి వస్తువు తిప్పికొడితే నలుగురూ ఏమంటారని మొదలుపెట్టి, నీకు పొగరెక్కువైందనే దాకా పోయింది. కరీమున్ మొహం ముడుచుకుంది. తమ్ముడు ముచ్చటపడి తీసుకున్నాడనీ, ఇందులో తప్పుబట్టడానికేముందనీ, దాచుకునే మాటలుంటేనే బిల్లంటే భయమనీ అంది. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. అన్నాక తనకే తెలిసినట్టుంది, చూపు తిప్పుకుంది.

సిద్దికా గొంతు పెంచలేదు. "దాచేదేమీ లేదు వదినా. అట్లాగని నా గిరాకీల లెక్క మీ ఇంట్లో చదువుకోవాల్సిన పనీ లేదు. రేవులో ఈ కంపెనీ అసలు పలకదు. మూడేళ్ళు అది పలకదని తెలిసీ నేను మోయాలా?"

గొడవ విని సిలార్ షెడ్డులోంచి వచ్చాడు. మీసాల మీద, కనుబొమల మీద దూది. సంగతి విని, అయిన పెళ్ళికి బాజాలెందుకని కొట్టిపారేయబోయాడు. సంతకాలయిపోయాయి, మాట ఇచ్చినట్టే, ఇక ఫోను లోపల పెట్టమన్నాడు. కూతురు కదలకపోయేసరికి ఆయనకు కోపం వచ్చింది.

"నీ పెళ్ళికి వలీని నేను. పెద్దగా నిలబడి నిన్ను ఒకరి చేతిలో పెట్టేవాణ్ణి. నీ తరఫున ఒక్క సంతకం పెట్టే హక్కు నాకు లేదా?"

"నిఖాకైనా వలీ ఊరికే సంతకం పెట్టడు నాయనా. ముందు పెళ్ళికూతురి మాట తీసుకుపోయే వకీలు, ఇద్దరు సాక్షులు నా దగ్గరికి వస్తారు. సమ్మతమేనా అని అడుగుతారు. నేను ఊ అంటేనే మీరు పెట్టాలి. అంత పెద్ద ఒప్పందానికే నన్ను అడిగే ఏర్పాటుంది. ఈ ఫోనుకు నన్నెవరు అడిగారు?"

సిలార్ కన్నా ముందు మాట్లాడింది జాన్‌బీ. అప్పటిదాకా కూతుర్ని దులిపేస్తున్న మనిషి ఫోనును మంచం మీద పెట్టి, ఎవరి వంకా చూడకుండా మాట్లాడింది.

"నన్ను అడగలేదు."

ఏమడగలేదని సిలార్‌కు వెంటనే అర్థం కాలేదు.

"మన నిఖా రోజున వకీలొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అడిగాడో లేదో కూడా నాకు వినపడలా. మా మేనత్త నా మెడ మీద చెయ్యేసి కిందికి వంచింది. తలూపింది, ఒప్పుకుంది అని అందరూ అరిచారు. నేను ఊపలా. వంచారు."

జాన్‌బీ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదని సిలార్‌కు అనిపించింది. పాతికేళ్ళు ఒకే కంచంలో తిన్నట్టు బతికిన మనిషి, ఈ మాట ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకుందని ఆయనకు తెలియదు. తను పందిట్లో కూర్చుని, ఒప్పుకుందన్న కేక విని పొంగిపోయిన సంగతి గుర్తొచ్చింది. మొహం మీది దూది తుడుచుకునే నెపంతో కళ్ళు తుడుచుకున్నాడు.

కాసేపటికి సిలార్ చొక్కా తొడుక్కుని వచ్చాడు. పెట్టె సంచీలో పెట్టుకున్నాడు. "పదమ్మా ఒంగోలు పోదాం. నేను పెట్టిన సంతకం నేనే కొట్టేయిస్తా," అన్నాడు కూతురితో. తర్వాత కరీమున్‌ను కూడా ఎంతో మర్యాదగా తమతో పాటు బస్సులో రమ్మన్నాడు. ఒంగోలులో దిగే ముందు కరీమున్, ఇందాక బిల్లు గురించి అన్న మాట మనసులో పెట్టుకోవద్దని సిద్దికాతో మెల్లిగా అంది.

ఒంగోలులో ఆ కంపెనీ ఆఫీసుకు ముస్తాక్ కబురందుకుని నేరుగా యూనిట్ నుంచే వచ్చాడు. జుట్టంతా రాతిపొడి. మామ మీసం మీద తుడిచినా పోని దూది, అల్లుడి జుట్టులో రాతిపొడి, ఎవరి వృత్తి వాళ్ళ నెత్తి మీదే ఉంది. గుమాస్తా కాగితం తిప్పి చూసి, సంతకం ఎవరిదని అడిగాడు. నాదేనన్నాడు సిలార్. అమ్మాయి పేరు మీద తమరెలా పెడతారని గుమాస్తా అంటే, తండ్రిని గదా అని పెట్టానండీ, తప్పే, అని నలుగురిలో ఒప్పుకున్నాడు. అలా అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో సిద్దికాకు తెలుసు. ఆమె పేరుతో ఉన్న దరఖాస్తును గుమాస్తా అడ్డంగా గీత గీసి రద్దు చేశాడు.

బయట వేపచెట్టు నీడలో ముస్తాక్ మొహం చిన్నబుచ్చుకుని నిలబడ్డాడు. సిలార్ టీ తాగే మిషతో కొంచెం పక్కకు పోయాడు.

"రోజూ మాట్లాడుకోవచ్చని తీసుకున్నా," అన్నాడు ముస్తాక్. "లెక్కలడిగే మనిషిననుకున్నావా?"

"అడగరనే అనుకుంటున్నాను. కానీ నా గిరాకీలు ఆ నంబరు నమ్ముకుని వస్తారు. అది మీ మంచితనం మీద ఆధారపడి ఉండకూడదు. నా కష్టం మీద ఉండాలి." కొంచెం ఆగి, గొంతు తగ్గించి అంది. "రోజూ మాట్లాడాలని నాకూ ఉంది. నా ఫోనులోంచి మాట్లాడతాను."

ముస్తాక్ తల వంచుకుని జుట్టులోని రాతిపొడి దులుపుకున్నాడు. సంబంధం ఇక్కడితో ఆగిపోతుందేమోనని సిద్దికా భయపడింది. ఆగిపోతే ఏడుస్తాను, అయినా అలాంటి కాగితం మీద సంతకం పెట్టను అని తనలో తనే అనుకుంది. అతను తలెత్తి, ఇంతకూ ఏ కంపెనీ ఎంచుకున్నావని అడిగాడు. ఆమె చెప్పింది. షెడ్డు గురించీ, రేవు ఇసుక గురించీ చెబుతుంటే అతనికి నవ్వొచ్చింది.

"మా ఇంట్లో పలుకుతుందో లేదో చూశావా? వచ్చే నెల నుంచి ఉండేది అక్కడే గదా."

అది సిద్దికాకు తట్టనే లేదు. అన్నీ తట్టి చూసిన పిల్ల అత్తవారిల్లు మరిచిపోయింది. ముస్తాక్ స్నేహితుడి దగ్గర ఆ కంపెనీ ఫోను అడిగి తెచ్చాడు. నలుగురూ కలిసి ముస్తాక్ ఇంటికి వెళ్ళి వంటింట్లో చూశారు, వరండాలో చూశారు. డాబా మీదికి కరీమునే ఎక్కి, గీతలు నిండుగా ఉన్నాయని పైనుంచి కేకేసింది. సాయంత్రం బస్సెక్కేలోపు సిద్దికా బజారులో తను ఎంచుకున్న ఫోను, సిమ్ము కొనుక్కుంది. ముస్తాక్ ఆ నంబరు తన చేతి మీద పెన్నుతో రాసుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి జాన్‌బీ వరండాలో కూర్చుని దిండ్లలో బూరుగు దూది కూరుతోంది. సంగతంతా విని, సంబంధం నిలిచినందుకు అల్లాకు దండం పెట్టుకుంది. కూతురి ఫోను అటూ ఇటూ తిప్పి చూసి, ఇంత మొద్దుగా ఉందేమే అంది. సిద్దికా నవ్వుకుంటూ వాడరేవు లాడ్జీలకు నంబరు చెప్పడానికి లోపలికి పోయింది.

సిలార్ వెళ్ళి భార్య ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఆమె చేతిలోని దిండు తీసి పక్కన పెట్టాడు.

"జాన్‌బీ, అప్పుడు ఎవరూ అడగలేదన్నావుగా. నేను అడుగుతున్నా. సమ్మతమేనా?"

జాన్‌బీ ఆయన వంక చూసింది. కళ్ళు నిండి పొంగి చెంపల మీదికి జారాయి. తుడుచుకోలేదు. దిండు మళ్ళీ ఒళ్ళోకి లాక్కుని, గుప్పెడు దూది తీసి అందులో కూరుతూ అంది.

"ఆలోచించుకుని చెప్తాలే."

సిలార్ తలూపి, అక్కడే కూర్చున్నాడు.