నాగకవచం అమ్మే వేళ

శశిభూషణ్‌ని కాల్చినవాడి గురి తప్పలేదు గానీ, తుమ్ము మాత్రం ఆగలేదు.

చిలకలూరిపేట రోడ్డులో ఒక కోల్డ్ స్టోరేజ్ వెనక, మిర్చి బస్తాల గుట్టల మధ్య జరిగింది. హమాలీలకి వినిపించినవి సైలెన్సర్ బిగించిన పిస్టల్ చప్పుడు, ఆ వెంటనే ఊపిరాడకుండా తుమ్ములు. అంటే ఘాటు అలవాటు లేని మనిషి.

"ఈ ప్రాంతం వాడు కాదు. బహుశా ఈ దేశం వాడే కాదు," అన్నాడు చీఫ్ రాధాకృష్ణమూర్తి. "కూర్చో యలమందా. శశి చూస్తున్న కేసు ఇక నీది."

యలమంద కూర్చున్నాడు. గుంటూరులో అందరికీ అతను మిర్చి కమీషన్ వ్యాపారి. ఎరువుల షాపు మేడ మీదున్న ఈ గదిలో మాత్రం ఇంటెలిజెన్స్ ఏజెంట్. శశి అతని బ్యాచ్‌మేట్.

"నాగలోకం అని ఒక ఆన్‌లైన్ గేమ్. ఆడేవాళ్ళు అందులో కత్తులు, కవచాలు కొంటారు, అమ్ముతారు. నిజం డబ్బుతోనే. వచ్చే అప్‌డేట్ తర్వాత నాగకవచం అనే ఐటమ్ ఇక దొరకదని పుకారు పుట్టింది. పుట్టించింది మార్కస్ అనే విదేశీ గూఢచారి ముఠా, శశిని చంపించిందీ వాళ్ళే. వాళ్ళు చవగ్గా ఉన్నప్పుడే కొని దాచారు. ఇప్పుడు కుర్రకారు ఎగబడి కొంటుంటే రేటు ఎక్కడికో వెళ్ళింది. అప్‌డేట్ రోజున ముఠా దాచిందంతా అమ్మేస్తుంది. ఆ సొమ్ము తిన్నగా ఒక ఇంజనీర్ అకౌంట్‌కి పోతుంది. వాడు మన మిసైల్ డ్రాయింగులు అప్పగిస్తాడు."

"ఎవడు సార్ వాడు?"

"అమ్మకం జరిగితేనే అకౌంట్ బయటపడుతుంది. అందాకా ముఠా జోలికి వెళ్ళకూడదు."

చీఫ్ ఒక ఫోటో ముందుకు తోశాడు. తేజశ్రీ. గేమ్ మార్కెట్ గురించి యూట్యూబ్‌లో చెప్పే అమ్మాయి. ఆమె అమ్మకుండా పట్టుకోమంటే లక్షల మంది పట్టుకుంటారు, అమ్మమంటే అమ్ముతారు. మార్కస్ ఆమెని జీతానికి పెట్టుకున్నాడు. ఆ డబ్బు దేనికో తెలిసిన మర్నాడే ఆమె శశిని వెతుక్కుంటూ వచ్చింది. అప్పటినుంచీ డబుల్ ఏజెంట్.

పెదకాకాని గుడి ముందు, కొత్త బళ్ళకి పూజలు జరిగేచోట కలుసుకున్నారు. స్కూటీ పక్కన నల్ల కళ్ళద్దాలతో నిలబడి, చక్రాల కింద నిమ్మకాయలు సర్దుతోందామె.

"కాయలకి తొడిమలు తీయించారా?" అడిగాడు యలమంద.

"తీయిస్తే రంగు దిగిపోతుందండీ."

కోడ్ సరిపోయింది. ఆమె కళ్ళద్దాలు తీసింది. ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళు. "శశి గారిని నా వల్లే చంపారు," అంది.

అతను మైక్ దాచిన గాజు ఒకటి ఇచ్చాడు. ఆమె తొడుక్కుంది.

తర్వాత తరచూ కలిశారు. ప్రతిసారీ మిషన్ మాటలే. అయినా ఆమె రావడం కాస్త ఆలస్యమైతే యలమంద రోడ్డు వైపే చూస్తూ నిలబడేవాడు. ఆమె వచ్చి నవ్వాక గానీ వచ్చిన పని గుర్తొచ్చేది కాదు. పేరుకి హ్యాండ్లరే, మనసు ఎప్పుడో హద్దు దాటింది.

ఒకరోజు అడిగాడు. "ఒక వస్తువు కొన్నాక ఎంతకాలం పట్టుకోవాలి?"

"పుకారు పుట్టినప్పుడు కొనాలి. అందరూ నమ్మినప్పుడు అమ్మాలి. అది నిజమయ్యేదాకా కూర్చుంటే చేతిలో మిగిలేది బూడిదే." ఫోన్‌లో రేటు చూసింది. "అందరికీ తెలిసిందే ఇది. కానీ ఎవరూ అమ్మరు. ఇంకొక్క రోజు, ఇంకొంచెం పెరుగుతుందని ఆశ."

అప్‌డేట్‌కి రెండ్రోజుల ముందు ఆమె పరుగున వచ్చింది.

"మార్కస్‌కి అనుమానం వచ్చింది. నా ఫోన్ లాక్కున్నాడు. నన్ను బయటికి తీసేయండి యలమంద గారూ. ఇవాళే."

ఆమెని అప్పటికప్పుడు తప్పించే అధికారం అతనికుంది. చీఫ్‌ని అడగక్కర్లేదు. అయినా అడిగాడు.

"ఇంత దూరం వచ్చి ఇప్పుడు వదిలేస్తామా?" అన్నాడు చీఫ్. "రెండ్రోజులు పట్టుకో."

యలమంద వెనక్కొచ్చి ఆ మాటే చెప్పాడు. తేజశ్రీ చేతి గాజు సర్దుకుంది. స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది.

అప్‌డేట్ రోజు మిట్టమధ్యాహ్నం. అద్దంకి శివార్లలో పొగాకు ఆరబెట్టే పాత బ్యారన్‌ని మార్కస్ స్టూడియోగా మార్చుకున్నాడు. పక్క చేలో తలగుడ్డ చుట్టుకుని, కూలీలతో పాటు పండు మిరపకాయలు కోస్తున్నాడు యలమంద. చెవిలో ఇయర్‌పీస్. రోడ్డు మీద వ్యానులో టెక్నీషియన్ మీరా హుస్సేన్.

గాజులోంచి మార్కస్ గొంతు వినిపించింది. "హోల్డ్ చేయమని చెప్పు. వాళ్ళు కొంటూనే ఉండాలి. తేడా వస్తే ఈ పిస్టల్ పేలుతుంది."

లైవ్ మొదలైంది. తేజశ్రీ నవ్వుతూ నమస్కారం చెప్పింది. యలమంద చేతిలో కాయ నలిగిపోయింది.

"ఇన్నాళ్ళూ పట్టుకోండి అని మీకు చెప్పాను," అంది తేజశ్రీ. "అబద్ధం చెప్పాను. అమ్మేయండి. అందరూ ఇప్పుడే అమ్మేయండి."

మార్కస్ అరుపు. కీబోర్డ్ మీద టకటకా వేళ్ళు. రేటు కళ్ళముందే కూలిపోతుంటే కంగారులో సరుకంతా ఒకేసారి అమ్మకానికి పెట్టేశాడు.

"అకౌంట్ బయటపడింది సార్!" మీరా హుస్సేన్ కేక పెట్టాడు. "ఇంజనీర్ పేరు దొరికింది. పేమెంట్ ఆపేశా... ఒక్క సెకనులో తప్పింది!"

యలమంద అప్పటికే పరుగెడుతున్నాడు. బ్యారన్ ఇంకా పాతిక గజాలుందనగా పిస్టల్ పేలింది.

తలుపు విరగ్గొట్టి, మార్కస్ మణికట్టు మెలితిప్పి, పిస్టల్ లాగి పారేశాడు. వెనకే వచ్చిన టీమ్‌లో సంకెళ్ళు వేసింది ఎవరో అతనికి గుర్తులేదు. కెమెరా ముందు నేల మీద పడి ఉంది తేజశ్రీ. తల ఒళ్ళోకి తీసుకున్నాడు.

"పిల్లలు కవచాలు అమ్ముకున్నారా?"

"చాలామంది అమ్మేశారు. నువ్వు మాట్లాడకు. అంబులెన్స్ వస్తోంది."

"నువ్వని పిలిచారు," అందామె, కొంచెం నవ్వి. "ఇంత లేటుగానా?"

అంబులెన్స్ వచ్చింది. దానితో పనిలేకపోయింది. చేలో కూలీలు ఎక్కడి కోత అక్కడ ఆపి బ్యారన్ వైపు చూస్తూ నిలబడిపోయారు. ఆమెని అతనే ఎత్తుకుని బయటికి తెచ్చాడు. ఎవరు చేయి వేయబోయినా ఒప్పుకోలేదు.

సాయంత్రానికి ఇంజనీర్ దొరికాడు. డ్రాయింగులు సరిహద్దు దాటలేదు. ఎరువుల షాపు మేడ మీద ఢిల్లీ నుంచి ఫోన్లే ఫోన్లు. చీఫ్ యలమంద భుజం తట్టాడు.

"శభాష్. పర్ఫెక్ట్ టైమింగ్."

కిటికీ బయట చీకటి పడుతోంది. యలమంద అటే చూస్తూ అన్నాడు.

"మన టైమింగ్‌కేం సార్, ఎప్పుడూ పర్ఫెక్టే. మనల్ని నమ్మినవాళ్ళే ఆగలేక ముందు చచ్చిపోతుంటారు."