కోట గుమ్మం దగ్గరి మనిషి

ఉదయం ఎనిమిదింటికే చక్రవర్తిగారు కొలువు తీరారు. ఒంటిమీద చిరుగుల బనియను, చేతిలో చల్లారిన టీ. ఎదురుగా కంప్యూటర్ తెరమీద రెండువేల ఏళ్లనాటి చైనా, నదికి అటూ ఇటూ సైన్యాలు.

"పాలు తేవడానికి గడప దాటలేని మహారాజుగారు నది దాటారా?" కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే అడిగింది భార్య.

"దాటాలి. ధాన్యం చాలట్లేదు."

"విన్నావుటే? ఇంట్లో పంచదార డబ్బా ఎక్కడుందో తెలీదుగానీ, లక్షమందికి ధాన్యం చూస్తున్నార్ట మీ నాన్న!"

కాలేజీకి తయారవుతున్న కూతురు కిసుక్కున నవ్వింది.

ఇరవై రెండేళ్లు బస్సు నడిపిన మనిషి. చూపు మందగించి నిరుడు డ్రైవరు సీటు దిగి ఈ కుర్చీ ఎక్కాడు. ఇక దిగలేదు. ఇవాళ పదింటికి డిపోలో టైమ్‌కీపర్ పనికి మాట్లాడటానికి రమ్మన్నారు. ఆ పిలుపు కోసం ఆవిడ డిపో మేనేజరు భార్య జాకెట్టును నవ్వుమొహంతో మూడుసార్లు కుట్లు విప్పి కుట్టింది.

తొమ్మిదిన్నరయింది. కుర్చీ కదల్లేదు.

"లేస్తారా, పల్లకీ పంపమంటారా?"

"నేను వెళ్లను."

"ఎందుకు వెళ్తారు! మీరు వెళ్తే ఆ బొమ్మ గుర్రాల్ని ఎవరు తోలతారు? ఇలాంటి దద్దమ్మని కట్టుకున్నందుకు నన్ను అనాలి!"

ఆవిడ వచ్చి మౌసు లాక్కుంది. ఆట మూసేద్దామని ఎక్కడో నొక్కింది. మూతపడలేదు సరికదా, కొలువులోని మనుషుల జాబితా తెరుచుకుంది. ఆ ఆటలో మనకు కావలసినవాళ్లను తయారుచేసుకుని, బుద్ధికీ ధైర్యానికీ మార్కులు మనమే వేసుకోవచ్చు.

కూతురు వంగి చదివింది. "అమ్మా, నువ్వే మహారాణివి! బుద్ధి తొంభై ఎనిమిది, ధైర్యం తొంభై తొమ్మిది. నేను ఆస్థాన పండితురాల్నిట!"

"ఈ కాకాలకేం తక్కువలేదు. మరి తమరో? నూటికి నూరేనా?"

కూతురు జాబితా కిందికి జరిపింది. అట్టడుగున దొరికాడు. "నాన్న... కోట గుమ్మం దగ్గర కాపలా. బుద్ధి ఏడు. ధైర్యం పన్నెండు."

ఈసారి కూతురు నవ్వలేదు.

"ఇదేమిటండీ?"

"నువ్వు రోజూ అనేదే వేశాను," అన్నాడాయన మామూలుగా. "రాజ్యం నీదే. నేను దాన్ని నడిపే డ్రైవర్నంతే. ఇలాంటివాణ్ణి డిపోలో కూర్చోబెడితే రెండోరోజే పంపేస్తారు. మాట సాయం పట్టుకొచ్చిన నీ పరువు పోతుంది."

 ఆవిడ ఇన్నాళ్లూ నవ్వులాటకే అంటున్నానని అనుకుంది. ఆయన ఒక్కరోజూ నవ్వలేదన్న సంగతి ఇప్పుడు తోచింది. కళ్లు మసకబారాయి.

"ఆ అంకె మార్చండి."

"మధ్యలో మారదు. మళ్లీ మొదట్నుంచీ ఆడాలి. ఎనిమిది నెలల రాజ్యం పోతుంది."

"పోనీండి. ధైర్యం తొంభై వెయ్యండి."

"తొంభయ్యా? నాకా?"

"ఇరవై రెండేళ్లలో మీ బస్సెక్కిన ఒక్క మనిషికి గోరంత గాయం కానివ్వలేదు. వెయ్యండంటుంటే!" ముక్కు చీదుకుంటూ కసిరింది.

ఆయన మౌసు అందుకున్నాడు. పాత ఆట చెరిపేశాడు. కొత్తదాంట్లో ధైర్యం దగ్గర నలభై కొట్టి, కుర్చీలోంచి లేచాడు.

"నా చొక్కా ఎక్కడుంది?"