మడచెట్ల వెనకాలి ఇల్లు

అండమాన్‌లో ఒక చిన్న దీవి. దాని పడమటి కొసన, మడచెట్లు ఉప్పునీళ్లలోకి వేళ్లు దించుకొని నిలబడినచోట, ఒక ఖాళీ ఇల్లు ఉంది. తలుపుల్లేవు. పైన రేకులు తుప్పుపట్టి సగం ఊడిపోయినాయి. పొద్దు గూకితే ఆ దావన కుక్క కూడా పోదంట. ఆ ఇంటివాళ్లు ఒక్కొక్కరే వెనకాల ఏట్లోకి నడిచిపోయినారని కొందరు, మొసళ్లు లాక్కుపోయినాయని కొందరు... ఎవరి మాట వాళ్లది. ఒక్క సంగతి మాత్రం అందరూ చెప్తారు — ఆడినుంచి ఎవరు పిలిచినా పలకొద్దు.

ఆ మాట పుష్పావతికి ఎవరూ చెప్పలేదు. తర్వాత ఆమె చెప్పుకున్నది నేను విన్నాను. విన్నది విన్నట్టే చెప్తాండా.

పుష్పావతిది గార్లదిన్నె దగ్గర పల్లె. అనంతపురంలో సెల్‌ఫోన్ల అంగట్లో పని. ఆ ఎండాకాలం వాళ్ల చీనీతోట, బత్తాయిచెట్ల తోట, నిలువునా మాడిపోయింది. బోర్లన్నీ దుమ్ము కక్కినాయి. నాయన ఓబుళేసు చెట్లు కొట్టించి కట్టెలకు తోలించిన రోజు, ఆ పిల్ల పోయి ఆ మొద్దుల మధ్య నిలబడి, అనంతపురానికి తిరిగొచ్చేసింది.

మరుసటి దినం అంగట్లో ఎవరి ఫోన్లోనో అండమాన్ వీడియో ఒకటి కనబడింది. చుట్టూ సముద్రం. సముద్రం మీద వాన. పచ్చటి చెట్లు తడిసి ముద్దవుతాండాయి.

అంతే. ఆ సాయంత్రమే రెండు జతల బట్టలు సంచిలో కుక్కి భుజానికేసుకుంది. ఓనరుకు చెప్పలేదు. స్నేహితులకు చెప్పలేదు. అమ్మ నల్లమ్మకు మాత్రం ఫోన్ చేసి, "బెంగుళూరుకు పోతాండా మా, నాలుగు దినాల్లో వస్తా" అని అబద్ధం ఆడింది.

"ఒక్కదానివేనా పాపా?" అని నల్లమ్మ అడిగేలోపల ఫోన్ పెట్టేసింది.

విమానమెక్కి, దిగి, పడవ పట్టుకొని ఆ దీవికి చేరింది. ఆడ ఎవరూ ఆమెకు ముఖమిచ్చి మాట్లాడలేదు. ఒంటిగా వచ్చిన ఆడపిల్లను పడవవాడు ఎగాదిగా చూసి ఉమ్మేసినాడు. గది ఇచ్చిన సారా అనే ముసలామె తాళంచెవి బల్లమీదికి విసిరి, "చీకటి పడకముందే వచ్చెయ్" అని హిందీలో కసిరింది. ఎందుకో చెప్పలేదు. గాలి జిగటగా ఒంటికి అంటుకుంటాంది. దోమలు, జలగలు... కాలు పెట్టినచోటల్లా ఏదో ఒకటి కరుస్తాంది. కోరి వచ్చిన పచ్చదనమే ఆమెను పొమ్మంటున్నట్టు ఉంది.

అయినా నడిచింది. అడవిలో దావ పట్టుకొని పడమటికి పోయింది.

మనదిక్కు సాయంత్రం ఐదున్నరంటే ఇంకా ఎండ చురుక్కుమంటా ఉంటుంది. ఆడ అట్ల కాదు. ఎవరో దీపం ఊదేసినట్టు పొద్దు గూకిపోయింది. వెనక్కి చూస్తే దావ లేదు. ముందర చూస్తే — మడచెట్ల నడుమ ఆ ఇల్లు.

"పాపా..."

పుష్పావతి ఆగిపోయింది.

"ఓ పాపా... ఈడికి రా."

తెలుగు. అదీ యాడి తెలుగో కాదు, గార్లదిన్నె తెలుగు. ఆ గొంతు... అమ్మది.

"మా?" అని పలికేసింది. "యాడున్నావ్ మా?"

"ఈడే. నీళ్లు చూడు, ఎన్ని ఉండాయో! మన తోటకు పెట్టుకుందాం రా."

ఆ మాటకు ఆమె కాళ్లు వాటంతట అవే కదిలినాయి. ఇంట్లోకి పోయింది. ఆ పక్క గుమ్మం దాటింది. మెట్లు... మెట్ల కింద బురద... బురద తర్వాత నీళ్లు. చీలమండలు మునిగినాయి. మోకాళ్లు మునిగినాయి. చల్లగా ఉంది. హాయిగా కూడా ఉంది.

ఎదురుగా ఒక మొద్దు తేలుతాంది.

నీళ్లు సముద్రం దిక్కు పారుతుంటే, మొద్దు మాత్రం ఆమె దిక్కు వస్తాంది.

"ఇంకొంచెం... ఇంకొంచెం దిగు పాపా."

ఆమె నిలబడిపోయింది.

"దిగమంటే దిగవా!"

ఆ అరుపులో అమ్మ లేదు. మనిషే లేదు. పుష్పావతి గిర్రున తిరిగింది. వెనకాల నీళ్లు భళ్లున లేచినాయి. సంచి మడచెట్ల వేళ్లకు తగులుకుంటే దాన్ని ఆడనే వదిలేసి, ఇల్లు దాటి, ముళ్లలో పడి, లేచి, యాడికో తెలియకుండా పరిగెత్తింది. దూరంగా సారా ఇంటి దీపం కనబడిందాకా ఆగలేదు.

రక్తం కారే కాళ్లను సారా చూసింది. అయ్యో అనలేదు. ఒకటే అడిగింది.

"పలికావా?"

పుష్పావతి తల ఊపింది.

ముసలామె గోడకు చేరగిలబడింది. "ఎవరి గొంతు?"

"మా అమ్మది."

"నన్ను మా అక్క గొంతుతో పిలిచింది," సారా గొంతు తగ్గించింది. "నేనూ పలికాను. నేనూ తప్పించుకొని వచ్చాను. అది ఊరుకోలేదు. ఆ రాత్రే నా గొంతుతో మా అక్కను పిలిచింది."

"తర్వాత?"

సారా వాకిలి తీసి చెయ్యి చూపించింది. "ఆ గుట్ట ఎక్కితే సిగ్నల్ వస్తుంది. పో. పరిగెత్తు!"

జేబులో ఉండబట్టి ఫోన్ మిగిలింది. గుట్ట మీద నిలబడి అమ్మకు కలిపింది. మోగుతాంది... మోగుతాంది...

"పాపా!" నల్లమ్మ గొంతు. "ఇదేం ఆట? ఇప్పుడే కదా వాకిట్లోనుంచి పిలిస్తివి! తలుపు తీస్తే లేవు."

"మా... అది నేను కాదు మా! తలుపేసుకో! పిలిస్తే పలకొద్దు!"

"నువ్వు కాకపోతే ఎవరు? గచ్చుమీద తడికాళ్ల గుర్తులు ఉండాయి చూడు. బావి దిక్కు పోయినాయి."

"నాయన యాడ?" అని అరిచింది పుష్పావతి. "నాయనను పిలువు మా, నాయనకు ఫోనియ్యి!"

"మీ నాయన యాడున్నాడిక్కడ? నీ గొంతు వినబడంగానే, 'వస్తాండా పాపా' అనుకుంటా ఆ గుర్తుల వెంబడే పోయె."

నల్లమ్మ ఇంకేదో అంటాంది. పుష్పావతికి అది వినబడలేదు.

వాళ్లది ఎండిపోయిన బావి. తను పుట్టినకాడినుంచి అందులో చుక్క నీళ్లు చూసి ఎరగదు.

ఫోన్లో, దూరంగా... ఏదో నీళ్లలో పడిన చప్పుడు.